ఆరు పాయల్లో ఒకటి

గురువారం సాయంత్రం ఐదున్నరకు కాలేజీ మూడో అంతస్తు గదిలో పదిమంది కూర్చునేవారు. ఎవరి శాస్త్రం వారిది. గుండె డాక్టరు ఒకాయన, గాలివానలు చదివే మేడమ్, అంకెల మాస్టారు, ఇంకొందరు. వారానికొకరు లేచి తన పనిలో వాడే పెద్ద లెక్కల్లోంచి ఒక సంగతి మిగిలినవాళ్లకు చెప్పాలి. కాగితం చూడకూడదు. తనవాళ్లకు తప్ప బయట ఎవరికీ తెలియని మాట నోట్లోంచి వస్తే, విన్నవాళ్లు ఒక చాక్‌పీసు తెచ్చి బల్ల మీద పెడతారు. మూడు పడితే మొదటినుంచి చెప్పాలి.

లిఫ్టాయన వెనక బెంచీలో కూర్చునేవాడు. మూడేళ్ల కిందట కాలేజీ లిఫ్టు బాగుచేసి వెళ్తూ ఈ గది తలుపు దగ్గర ఆగాడు. అంకెల మాస్టారు చూసి, "నిలబడి వింటే కాళ్ల నొప్పి, కూర్చుని వింటే తలనొప్పి. ఏది కావాలో నువ్వే తేల్చుకో" అన్నాడు. కూర్చున్నాడు. అప్పటినుంచి వస్తూనే ఉన్నాడు. పదింట్లో ఒకటి అర్థమయ్యేది. తక్కిన తొమ్మిదీ కిటికీలోంచి వచ్చే గాలిలా తగిలి పోయేవి. ఒక్కసారి కూడా చాక్‌పీసు పెట్టలేదు. "నేను మొదలుపెడితే డబ్బా చాలదు" అనేవాడు ఇంట్లో భార్యతో.

వయసు యాభై రెండు. ఇరవైమూడు లిఫ్టులు అతని చేతిలో ఉన్నాయి. నెలకోసారి ఒక్కోదాని రోపులు చూసి రిజిస్టరులో సంతకం చేస్తాడు. లిఫ్టు రోపు జడలాంటిదే. కాకపోతే మూడు పాయలు కాదు, ఆరు. ఒక్కో పాయలో పందొమ్మిది సన్నని ఇనుప తీగలు. పని నేర్పిన పాత మేస్త్రీ అతనికొక కర్ర కోసి ఇచ్చాడు. మూరెడు. ఆ మూరలో పాయ సరిగ్గా ఐదు చుట్లు తిరుగుతుంది. తీగలు తెగితే చుట్టుకు ఎన్ని తెగాయో లెక్కగట్టడానికి ఆ కొలత. మంచి కొలత.

మేస్త్రీ పోయాక అతను ఆ కర్రను ఇంకో పనికి కూడా వాడాడు. పైన మెషిన్ గదిలో చక్రం తిప్పుతూ రోపును సరిగ్గా మూరెడు జరిపి ఆపేవాడు. తనవైపు అరంగుళం మేర గ్రీజు తుడిచి భూతద్దంతో చూసేవాడు. మళ్లీ మూరెడు. పదకొండేళ్లలో అతనికి ఒక్క తీగ కూడా తెగి కనబడలేదు. కంపెనీలో అతని చెయ్యి మంచిదన్నారు. అల్లుడు అదే పనిలో చేరిన రోజున, అదే కొలతకు ఇంకో కర్ర కోసి చేతిలో పెట్టాడు.

ఆ గురువారం గాలివానల మేడమ్ లేచింది. బోర్డు మీద సున్నా గీసింది.

"ఇదొక బాట. దీని మీద ఒకడు నడుస్తున్నాడు. అన్నీ ఒకే కొలత అడుగులు. అడుగు సరిగ్గా ఒక చుట్టంత ఉంటే ఎక్కడ పడుతుంది?"

"బయల్దేరిన చోటే" అన్నాడు డాక్టరు.

"ఐదు చుట్లంత ఉంటే?"

"అక్కడే. మా ఆస్పత్రి ఫైలులాగా."

నవ్వారు. లిఫ్టాయన కూడా సగం నవ్వాడు. మిగతా సగం రాలేదు.

"వాడికి మాత్రం లోకమంతా తిరిగినట్టే ఉంటుంది" అంది మేడమ్. "కాళ్లు కూడా పీకుతాయి. చూసింది ఒక్క చోటు. ఒకచోట గాలిని రోజూ తెల్లారి ఆరింటికే కొలిచారు. ఇక్కడ గాలే వీయదని రాసుకున్నారు. సాయంత్రాలు పైకప్పులు లేచిపోతున్నాయి."

"మరి అడుగు ఎలా ఉండాలి?" అన్నాడు డాక్టరు.

అంకెల మాస్టారు ఉండబట్టలేకపోయాడు. "చుట్టుకూ అడుగుకూ అకరణీయ..."

"చాక్‌పీసు" అన్నాడు డాక్టరు. లేచి పెట్టాడు.

"సరే" అన్నాడు మాస్టారు. "ఎన్ని అడుగులు వేసినా చుట్లతో సరిగ్గా కలవని అడుగు. అప్పుడు వాడు ఒకే చోట రెండోసారి తొక్కడు. ఏ మూలకైనా ఎప్పుడో ఒకప్పుడు దగ్గరగా వస్తాడు."

లిఫ్టాయన చెయ్యి సంచిలోకి వెళ్లింది. కర్ర తగిలింది. లేచి ముందుకు నడిచి, డబ్బాలోంచి ఒక చాక్‌పీసు తీసి బల్ల మీద పెట్టాడు. అందరూ అతనివైపు తిరిగారు.

"ఏ మాట అర్థం కాలేదు?" అంది మేడమ్.

"మాట కాదమ్మా. ఆ ఐదు చుట్ల అడుగువాడు పదకొండేళ్లు నడిస్తే?"

"అంతే."

"బాట మీద ఆరు గదులుంటే?"

మాస్టారు జవాబిచ్చాడు. "ఒక్క గదే చూస్తాడు. ఆరూ చూడాలంటే అడుగుకు చుట్టులో ఆరోవంతు కలుపుకోవాలి. ఒక్కో అడుగుకూ పక్క గది వస్తుంది. ఎందుకయ్యా, ఇల్లు కడుతున్నావా?"

అతను బయటికి వచ్చేశాడు. లిఫ్టు తలుపు తెరుచుకుని ఉంది. మెట్ల మీదుగా దిగాడు.

ఆస్పత్రి పది నిమిషాల నడక. అక్కడి లిఫ్టు కూడా అతనిదే. పోయిన వారమే సంతకం చేశాడు. అతని భార్య ఆ ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే చోట పని చేస్తుంది. రోజుకు ఎనిమిదిసార్లు బండి నిండా దుప్పట్లతో నాలుగో అంతస్తుకు ఎక్కి దిగుతుంది. ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు.

లిఫ్టు ఎక్కడానికి జంకేవాళ్లకు అతనెప్పుడూ ఒక మాట చెప్పేవాడు: రోపులు నాలుగు, ఒకటి తెగినా మూడు మోస్తాయి. నిజమే. ఇప్పుడు రోడ్డు దాటుతూ ఆ మాట తనకు తాను చెప్పుకోబోయి ఆగిపోయాడు. నాలుగింటినీ చూసింది ఒకే కర్రతో. పరిగెత్తాడు.

లిఫ్టు ముందు నలుగురు నిలబడి ఉన్నారు. పైన ఎర్ర అంకె నాలుగు. మూడైంది. అతను తలుపుకు చెవి ఆనించాడు. రోజూ వినే చప్పుడే. ఈ రోజు దాన్ని నమ్మలేకపోయాడు. రెండు. ఒకటి. తలుపు తెరుచుకుంది. ఖాళీ బండి, దాని వెనక భార్య.

తలుపుకు కాలు అడ్డం పెట్టాడు. "ఫోన్ ఎందుకెత్తవు?"

"రెండు చేతులూ బండి మీదున్నాయి. పళ్లతో ఎత్తనా?"

"దిగు."

"దిగడానికేగా వచ్చాను. నువ్వు అడ్డం నిలబడితే ఎట్లా దిగేది?"

పక్కకు జరిగాడు. ఆమె దిగింది. అతని మొహం చూసి బండిని గోడవారకు లాగింది. అతను లిఫ్టు ఆపేసి తలుపుకు బోర్డు తగిలించాడు.

"ఏడింటిదాకే రోగుల్ని చూడనిస్తారు బాబూ" అన్నాడు చేతికర్ర పట్టుకున్న ముసలాయన. "ఇప్పటిదాకా బాగానే ఉందిగా?"

"మెట్లెక్కు తాతా."

"మోకాళ్లకు కూడా ఒక బోర్డు తగిలించు మరి" అన్నాడు ముసలాయన. ఆమె బండి వదిలేసి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

ఫోన్ చేస్తే అల్లుడు పావుగంటలో వచ్చాడు. మెషిన్ గదిలో మామ నేల మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమైంది మామయ్యా?"

"నీ కర్ర తీయి."

రెండు కర్రలూ పక్కపక్కన పెట్టాడు. గోరంత తేడా లేదు.

"మీరు కోసిందేగా" అన్నాడు అల్లుడు.

మొదటి రోపు మీద మూరెడు మేర గ్రీజంతా తుడిచాడు మామ. "ఈ పాయ మీద వేలు పెట్టు. దాంతోపాటే తిప్పుతూ రా."

అల్లుడి వేలు రోపు చుట్టూ ఐదుసార్లు తిరిగింది. కర్ర చివర ఆగింది. అదే పాయ, అదే వైపు. అతను వేలు తీయలేదు.

"మరి తక్కిన ఐదు?"

మామ తన కర్ర చివర బొటనవేలి గోరు ఆనించాడు. ఆ గోరు వెడల్పు చుట్టులో ఆరోవంతుకు సరిపోతుంది. "ఇంత కలిపి జరుపు."

మొదటి రోపు శుభ్రంగా ఉంది. రెండోదీ అంతే. మూడోదానిలో నలభయ్యో ఆపు దగ్గర తుడిచే గుడ్డ ఏ తీగకూ పట్టుకోలేదు, కానీ భూతద్దం కింద తీగల కొసలు కనబడ్డాయి. పైకి లేవకుండా గ్రీజులో అణిగి పడుకుని ఉన్నాయి. ఒక చుట్టులో నాలుగు దాటితే రోపు మార్చాలని కంపెనీ రూలు. తొమ్మిది లెక్కపెట్టారు. నాలుగో రోపులో, ఇంకో పాయలో, ఆరు.

అతను భూతద్దాన్ని నేల మీద పెట్టాడు.

"నీ లిఫ్టులెన్ని?"

"పందొమ్మిది."

"నావి ఇరవైమూడు."

"అన్నీ ఆపమంటారా? కంపెనీకి కారణం ఏం చెప్తాం?"

"కర్ర చూపిస్తా."

"ఉద్యోగం ఉండదు మామయ్యా."

"నాది ఉండదు. నీకు కోసిచ్చింది నేనని రాసిస్తా."

అల్లుడు తన కర్ర తీసుకోబోయి, అక్కడే వదిలేశాడు. మామ కంపెనీకి ఫోన్ చేశాడు. ఎన్ని లిఫ్టులని అవతలివాడు రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ నలభైరెండు అనే చెప్పాడు. రిజిస్టరులో పోయిన వారం సంతకం కింద తేదీ వేసి, ఏం కనబడిందో, ఇన్నాళ్లూ ఎందుకు కనబడలేదో రాశాడు.

ఇద్దరూ దిగుతుంటే మూడో అంతస్తు మలుపులో భార్య ఎదురైంది. నెత్తి మీద దుప్పట్ల మూట. మెట్టు మీద కూలబడి ఊపిరి పీల్చుకుంటోంది.

"ఇది ఐదో మూట" అంది. "ఇంతకీ రోపు తెగిందా, లేదా?"

"తెగలేదు."

"మరి ఎందుకయ్యా ఇంత గోల?"

అతను ఆమె పక్కన కూర్చున్నాడు.

"నేను చూడలేదు" అన్నాడు. "పదకొండేళ్లు. ఇప్పుడే చూశాను."

ఆమె అతని చేతి వైపు చూసింది. మణికట్టుదాకా గ్రీజు. కొంగుతో తుడవబోయి, మరక పడుతుందని మానేసింది. అయినా తుడిచేసింది.

అల్లుడు మూట ఎత్తుకుని పైకి ఎక్కాడు. కింద ఇంకా నాలుగు ఉన్నాయని ఆమె చెప్పింది. అతను లేచి వాటి కోసం దిగాడు, ప్రతి మెట్టునూ చూసుకుంటూ.