ఈరన్న ఆర్పని కర్పూరం

మా కోడుమూరు పక్క పల్లెలో మోటార్లు బాగుచేసే పెద్ద ఈరన్నను తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పేరేమో దేవుడిది, నోరు తెరిస్తే దేవుడు లేడంటాడు. ఆ మాట ఇంకెవరితోనైనా అనొచ్చు కదా! ఆంజనేయస్వామి గుడి పూజారినైన నాతోనే, అదీ గుడి అరుగు మీద కూర్చుని, నేను పెట్టిన చిత్రాన్నం తింటూ అంటాడు.

"లేని దేవుని ప్రసాదం గొంతులో ఎట్ల దిగుతాందిరా?" అని గదమాయిస్తే, "దేవుడు లేకపోతేనేం సామీ, చిత్రాన్నం ఉండాది కదా" అని ఇంకో పిడికెడు పెట్టించుకునేవాడు. గుడి మైకు చెడితే మాత్రం పిలవకుండానే వచ్చి బాగుచేసిపోయేవాడు. తిట్టుకుంటూనే ఇరవై ఏళ్లు వాడితో స్నేహం చేశాను, నా ఖర్మ.

రెండువేల ఆరులో మద్దమ్మ గొడవ వచ్చింది. ఆమెకు మొగుడు లేడు. ఉన్నదల్లా ఎకరం చేను, అందులో ఒక బోరు. ఊరంతా ఎండినా ఆ బోరులో నీళ్లుండేవి. ఒకరోజు తెల్లారేసరికి హద్దు రాయి జరిగింది, బోరు కాస్తా పక్క చేను సుంకన్న వైపు పోయింది. సుంకన్న ఆ రాయి పెకలిస్తుంటే చూసినవాడు ఈరన్న ఒక్కడే. ఆ సుంకన్న ఎవరనుకున్నారు? ఈరన్నకు సొంత అక్క మొగుడు!

పంచాయితీ నా గుడి ముందే పెట్టారు. మా ఊళ్లో పద్ధతి ఒకటే. వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ప్రమాణం చేసినవాడి మాటే చెల్లుతుంది. సుంకన్న మూడుసార్లు దండం పెట్టి, "రాయిని నేను ముట్టలేదు" అని టపీమని ఆర్పేశాడు. రెప్ప కూడా వాల్చలేదు, పాపాత్ముడు.

ఈరన్న వంతు వచ్చింది. "రాయి జరిపింది మా బావే. నా కండ్లతో చూసినా. కర్పూరం మాత్రం ఆర్పను" అన్నాడు.

"ఏమప్పా, ఆర్పితే నీ సొమ్మేం పోతాది?" అన్నాడు పెద్దమనిషి లక్ష్మీనరసయ్య.

"నమ్మనోని మీద ప్రమాణం చేస్తే అదే అబద్ధమైతాది. మా బావకు దేవుడుండాడు, శ్రీశైలం పోయి అభిషేకం చేయించుకోని పాపం కడుక్కుంటాడు. నాకెవరుండారప్పా? అబద్ధమాడితే సచ్చేదాకా నేనే మోయాల."

జనం గొల్లుమన్నారు. లక్ష్మీనరసయ్య నవ్వలేదు. "ప్రమాణం లేని మాట చెల్లదు" అని తేల్చేశాడు. మద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఏం పూనిందో ఏమో, నేనే ఇంకో బిళ్ల వెలిగించాను. "ఈరన్న చెప్పింది నిజమని స్వామి మీద నేను ప్రమాణం చేస్తాండా" అని ఆర్పాను. పూజారి ప్రమాణాన్ని కాదనే దమ్ము ఎవరికుంది? సాయంత్రానికల్లా రాయి పాత చోటికి వచ్చింది. ఈరన్న అక్క మాత్రం తమ్ముడి ముఖం చూడకుండా వెళ్లిపోయింది.

అందరూ పోయాక వాడు నా చెయ్యి పట్టుకుని చూశాడు. అరచెయ్యి బొబ్బెక్కింది.

"నువ్వు చూడలేదు కదా సామీ. నేను చెప్పింది అబద్ధమైంటే?"

"ఆ అనుమానమే రాలేదురా నాకు" అన్నాను.

ప్రతి మాటకూ ఎదురు చెప్పే మనిషి, నా చేతిని ఊదుతూ కూర్చున్నాడు.