మెరూన్ రంగు కుర్చీ, తెల్ల పంచె

ధర్మవరంలో మాది పట్టునూలుకు రంగులద్దే ఇల్లు. పోయిన వారం పాత సామాన్ల అంగట్లో ఓ చెక్క కుర్చీ అడిగితే, "దానికి ఏ రంగూ ఎక్కదమ్మా, పొయ్యిలోకే పనికొస్తాది" అంటూ ఇచ్చాడు అంగడాయన. దాన్ని ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, నూలుకు అద్దగా మిగిలిన మెరూన్ రంగు పూశాను.

ఈ రోజు మూడో పూత పూసి అరుగు మీద పెడితే, అటుగా పోతూ ఆయనే ఆగాడు.

"ఏమ్మా, ఇంత మంచి కుర్చీ యాడ తెచ్చినావు?"

"మీ అంగట్లోనే కదన్నా!"

"నేను చెప్పలేదా, నా కాడ ఉండేవన్నీ మంచి సామాన్లే!" అంటూ దర్జాగా కూర్చున్నాడు.

ఏ రంగూ ఎక్కదన్న ఆయన తెల్ల పంచెకు మా మెరూన్ చక్కగా ఎక్కింది. ఇంకా ఆరలేదని చెప్పడం మరిచిపోయానంటే ఇంట్లో ఎవరూ నమ్మడం లేదు. మీరైనా నమ్ముతారా?