పదిహేడుమంది పండితులూ, గొడుగుల కాకీ

1994 జూలైలో ఘాజియాబాద్‌లోని ఒక ప్రైవేటు పాఠశాలలో లైబ్రేరియన్‌గా చేరాను. అప్పుడు నేనుండేది దక్షిణ ఢిల్లీ మునిర్కాలో అద్దెగది. రోజూ మూడు బస్సులు మారేవాణ్ణి. ఆ మూడు బస్సుల్లో నేను చదివినన్ని పుస్తకాలు ఆ పాఠశాల గ్రంథాలయంలో లేవంటే అతిశయోక్తి అంటారు కాబట్టి అనను. గ్రంథాలయమంటే మెట్లకింద గది. ఇంటర్వెల్ గంట కొట్టగానే పన్నెండువందల బూట్లు నా నడినెత్తిమీదుగా దిగేవి.

చేరిన అయిదో నెలలో బోర్డు తనిఖీ వచ్చిపడింది. పాఠశాల గుర్తింపును కొన్నేళ్లకోసారి పొడిగిస్తారు. దానికి ముందు ఒక అధికారి వచ్చి అన్నీ చూసిపోతాడు. ఆయన కోసం ప్రిన్సిపల్ సక్సేనా మేడమ్ గ్రంథాలయం గోడమీద ఒక పెద్ద పట్టిక పెట్టమన్నారు. శీర్షిక ‘మా ఉపాధ్యాయులకు ఇష్టమైన పుస్తకాలు’. పేరు పక్కన పుస్తకం పేరుంటుంది, పట్టిక కింద బల్లమీద ఆ పుస్తకమే ఉంటుంది.

బళ్లో ఉపాధ్యాయులు మూడు మెట్లు. ప్లస్ టూకి చెప్పేవాళ్లు పీజీటీలు, హైస్కూలుకి టీజీటీలు, చిన్నపిల్లలకి పీఆర్‌టీలు. ఇష్టాలకి కూడా ఇదే వరస వర్తిస్తుందని ఏ నిబంధనలోనూ లేదు గానీ అందరికీ తెలుసు. పీజీటీలందరూ రెండు సంపుటాలకి తక్కువైనదేదీ ఇష్టపడలేదు. ఫిజిక్స్ పీజీటీ నర్సింగరావు గారిది వరంగల్. ఆయన భారతీయ తత్వశాస్త్రాన్ని ప్రేమించారు. మేడమ్ ఆరు సంపుటాల ప్రపంచ చరిత్రకి మనసిచ్చారు. ఆ ఆరింటినీ బల్లమీద పెడితే బల్లకాలు అక్కడికక్కడే ప్రాణం వదిలింది. టీజీటీలు ఒక్కో సంపుటంతో సరిపెట్టుకున్నారు. పీఆర్‌టీలు తమ స్థాయికి తగ్గట్టు పల్చటి నీతి పుస్తకాలు రాసిచ్చారు.

ఒక్క మేరీ సువర్ణ గారు తప్ప. ఆవిడది భీమవరం దగ్గర పల్లె. భర్త ఢిల్లీలో ఒక ఆసుపత్రిలో నర్సు. రెండో తరగతికి చెప్పేవారు, వారానికొకసారి నా గదిలో పిల్లలకి కథల పీరియడ్ తీసుకునేవారు. ఆవిడ రాసిచ్చిన పుస్తకం ముప్పైరెండు పేజీల హిందీ బొమ్మల కథ. ఒక కాకి గొడుగుల దుకాణం పెడుతుంది, ఆ ఏడాది వానలు పడవు. అదీ కథ.

మేడమ్ ఆవిణ్ణి పిలిచి, శుక్రవారంలోగా మార్చి ఇమ్మన్నారు. ఆవిడ రెండేళ్ల ప్రొబేషన్ డిసెంబరు నెలాఖరుకి పూర్తవుతుంది. ఆ తర్వాత కన్ఫర్మేషన్ ఉత్తరం చేతికి రావాలి. రాకపోతే జనవరి నుంచి ఇంట్లో కూర్చోవాలి. మేడమ్ ఆ ఉత్తరం మాట ఎత్తలేదు. సొరుగు మాత్రం రెండుసార్లు తెరిచి మూశారట.

‘మార్చేద్దురూ, మీ సొమ్మేం పోయింది? ఇష్టమైన పుస్తకమేగా, అఫిడవిట్టా?’ అని నేను హితబోధ చేశాను.

‘ఎల్లుండి రెండో తరగతోళ్లు గోడమీద చదూతారు అన్నయ్య గారూ. టీచరు అబద్ధం రాసిందంటారు. ఆళ్లకి చదవడం నేర్పిందీ నేనే. అదే వచ్చిపడింది నాకు’ అన్నారావిడ.

మార్చలేదు. మేడమ్ ‘ఠీక్ హై’ అని పట్టికలో ఆవిడ వరసే తీసేయించారు. ఆ ఠీక్ హై విన్నవాళ్లెవరికీ ఏదీ ఠీక్‌గా ఉన్నట్టనిపించలేదు.

ఇక నా ఘనకార్యం. గ్రంథాలయ పుస్తకం చివరి అట్టకి ఒక తేదీ చీటీ అంటించి ఉంటుంది. పుస్తకం ఇచ్చినప్పుడల్లా దానిమీద ఆ రోజు తేదీ ముద్ర కొడతాం. పక్కన అంటించిన కాగితం సంచీలో ఉండే కార్డుమీద తీసుకున్నవాళ్లు సంతకం పెడతారు. బల్లమీది మహాగ్రంథాల చీటీలు పెళ్లిచూపులకి ముస్తాబైనంత తెల్లగా ఉన్నాయి. కొన్నిటికి కాగితాల అంచులు కూడా విడివడలేదు. మేడమ్ వాటిని చూసి, ‘పఠన సంస్కృతి రికార్డులో కనిపించాలి కదా’ అన్నారు. అయిదు నెలల ఉద్యోగిని, నాకు వెంటనే కనిపించింది. ఉపాధ్యాయులకి పుస్తకం గడువు పద్నాలుగు రోజులు. కనుక జూలైలో ఒక తేదీ తీసుకుని, అక్కణ్ణించి పద్నాలుగేసి రోజులు కలుపుతూ ముద్రలు కొట్టుకుంటూ పోయాను. కార్డుల మీద సంతకాలు ఎవరివి వాళ్లు సంతోషంగా పెట్టారు.

మేరీ గారు గుమ్మంలో నిలబడి చూసి, ‘ఏంటన్నయ్య గారూ, ముసలాళ్లందర్నీ ఒక్కరోజే పెళ్లికొడుకుల్ని చేస్తున్నారు’ అనేసి వెళ్లిపోయారు.

తనిఖీ అధికారి రెండు స్వెట్టర్లు తొడుక్కున్న పెద్దమనిషి. తత్వశాస్త్రం తెరిచి నేరుగా చివరి అట్టకి వెళ్లారు. జేబులోంచి చిన్న కేలండరు తీశారు. ప్రపంచ చరిత్ర చీటీ చూశారు, మళ్లీ కేలండరు చూశారు. నేను ఎంచుకున్న మొదటి తేదీ ఆదివారం. దానికి పద్నాలుగు కలిపితే ఏ వారమొస్తుందో చెప్పడానికి లెక్కల పీజీటీ అక్కర్లేదు. నా పాఠశాల మొత్తం ఆదివారాలే చదివింది.

‘అచ్ఛా, లైబ్రరీ ఆదివారాలు తెరుస్తారా?’ అన్నారాయన హిందీలో.

మేడమ్ కన్నార్పకుండా, ‘మా సిబ్బందికి చదువంటే పిచ్చి సార్’ అన్నారు. ఆయన రాసుకున్నారు. తర్వాత, సిబ్బంది పదిహేడు కదా, పట్టికలో పదహారే ఉన్నారేమని అడిగారు. గదిలో గాలి కూడా ఆగి మేడమ్ వైపు చూసింది.

వరసగా నిలబడ్డ సిబ్బంది వెనకనుంచి మేరీ గారు, ‘నాది రాయలేదు సార్. నాది ఆ కాకి పుస్తకం’ అని అలమర కింది అర చూపించారు.

ఆయన తీశారు. దాని చీటీమీద చీటీ, దానిమీద చీటీ, నాలుగు పొరలు. అన్నీ పనిదినాలే. సంచీలోంచి కార్డు లాగి పైకి చదవడం మొదలుపెట్టారు. పిల్లల పేర్ల మధ్య నర్సింగరావు ఆరుసార్లు, సక్సేనా మూడుసార్లు, తక్కిన పీజీటీలు తలా రెండుసార్లు.

నర్సింగరావు గారు నా చెవిలో, ‘మా అన్న బిడ్డ కోసం తీస్కపోయిన’ అన్నారు. ‘ఆరుసార్లా?’ అన్నాను. ‘పోరి జర మొండిది’ అన్నారు.

అధికారి పుస్తకం మేరీ గారి చేతికిచ్చి చదవమన్నారు. ఆవిడ మొదలుపెట్టారు. కాకి ఆకాశం వైపు చూసి నిట్టూర్చే చోట ఊపిరి తీసుకోవడానికి ఆగారు. ఆ తర్వాతి వాక్యం నర్సింగరావు గారి నోట్లోంచి వచ్చేసింది. దాని తర్వాత వచ్చే చమత్కారానికి మేడమ్ ఒక వాక్యం ముందే నవ్వేశారు. అన్న బిడ్డలు కథలు అంత బాగా కంఠతా పట్టించగలరని ఆరోజే తెలిసింది.

నివేదికలో గ్రంథాలయం గురించి రెండే మాటలు. మేరీ సువర్ణ అనే ఉపాధ్యాయురాలి కథల పీరియడ్ వారానికి రెండు చేయాలి. ఆదివారాలు గ్రంథాలయం తెరిచే మంచి పద్ధతిని పాఠశాల ఇలాగే కొనసాగించాలి. పేరు నివేదికలోకెక్కిన మనిషిని తీసేయడం కుదరదు కనుక, నివేదిక వచ్చిన సాయంత్రమే సొరుగు తెరుచుకుంది, ఉత్తరం బయటికొచ్చింది. రెండో మాట ప్రకారం నాకూ ఒక ఉత్తరం వచ్చింది. పదకొండు నెలలు ప్రతి ఆదివారం మూడు బస్సులెక్కి వెళ్లి మెట్లకింద కూర్చున్నాను. పఠన సంస్కృతి ఒక్క ఆదివారమూ రాలేదు.

మరుసటేడు పట్టిక మళ్లీ అడిగారు. పదహారుమంది గొడుగుల కాకి అని రాశారు. పుస్తకం స్టాఫ్‌రూమ్‌లో చేతులు మారుతూ ఉండిపోయి, పిల్లలకి మూడు నెలలు దొరకలేదు. మేరీ గారు మాత్రం ఒక కప్ప కథ పేరు రాసిచ్చి, ‘ఈసారి ఇది బావుందన్నయ్య గారూ’ అన్నారు.

నిరుడు స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా, ఇరవయ్యేళ్లు అదే ఉద్యోగం చేశాను. ఇష్టమైన పుస్తకమేదని మాత్రం ఆ తర్వాత ఎవర్నీ అడగలేదు. ఏడాది చివర అలమరల ముందు నిలబడి, ఏ పుస్తకం అట్ట ఊడిందో చూసి, దానికే రెండో కాపీ తెప్పించేవాణ్ణి.