చిగుళ్లలో కొట్లాట

నా చిన్నప్పుడు, మేము పలమనేరు పక్క పల్లెలో ఉన్న రోజుల్లో, మా నాయనకు చిగుళ్లు వాచి నెత్తురు కారేది. తోముకుంటే ఇంకా కారుతుందని పండ్లు తోమడమే మానేశాడు. ముందరి పండ్లు కదలసాగాయి. నొప్పికి మనిషి మృగమయ్యాడు. ఆస్పత్రి మాటెత్తినందుకు ఒకరోజు అమ్మ మీదికి చెంబు విసిరితే ఆమె కనుబొమ్మ చిట్లింది.

ఆ ఎండాకాలం ఒక ఉదయం, పిచ్చికుక్క ఒకటి చొంగ కార్చుకుంటూ మా పశువుల కొట్టంలోకి దూరి మేత కుప్పలో దాక్కుంది. వీధిలోని మగవాళ్లంతా కర్రలు, గడ్డపారలు పట్టుకొని ఎగబడ్డారు. ముందున్నది నాయనే.

"ఆడుండాదప్పా, కొట్టు!"

కుక్క దొరక్కపోయేకొద్దీ వాళ్లకు వెర్రెక్కింది. కదిలిన ప్రతిదాన్నీ కొట్టారు. గుంజ విరిగి కప్పు ఒకవైపు కూలింది. కట్టేసి ఉన్న మా పాడి ఆవు కాలి మీద కర్ర పడి ఎముక ఫట్‌మంది. ఆవు అరుపుకు నేను చెవులు మూసుకున్నాను. చివరికి ఎవరో కుప్పలోకి గడ్డపార దించి కుక్కను చంపారు.

అది ఆవును కరవనే లేదు.

నాయన కూలబడి ఏడుస్తుంటే నోట్లోంచి నెత్తురు గడ్డం మీదికి కారింది. ఆయన్ను ఎవరూ కొట్టలేదు, పండ్లు బిగపట్టాడంతే. తిరుపతిలో పండ్ల డాక్టరు చదువు చదువుతూ సెలవులకొచ్చిన పక్కింటి అక్క ఆయన నోరు తెరిపించి చూసింది.

"చిన్నాయనా, నీ నోట్లోనూ ఇదే జరగతా ఉండాది. పండ్ల మొదట్లో పాచి గట్టిపడి కంటికి కనబడని పురుగులు చేరినాయి. వాటిని చంపాలని నీ ఒళ్లే అక్కడికి నెత్తురును తోలతా ఉండాది. ఈ వాపు అదే. పురుగులు పోవు, కొట్లాట ఆగదు. ఆ కొట్లాటలో పండును పట్టుకోనుండే ఎముక కరిగిపోతా ఉండాది."

"అంటే కుక్కను వదిలేయాల్నా పాపా?"

"వదలకూడదు. మేత కుప్పను ముందే లాగేసుంటే కుక్క ఒక్క దెబ్బతో పోయుండేది. నీ నోట్లో పాచి కూడా ఆ కుప్పే. అది గీకి తీసేయాల. రోజూ తోముకోవాల."

మరుసటి రోజే ఆమె వెంట నాయన తిరుపతి బస్సెక్కాడు. రెండు పండ్లు దక్కలేదు, మిగిలినవి నిలిచాయి. కరిగిన ఎముక మాత్రం తిరిగి రాలేదు. వెదురుబద్దలు కట్టిన ఆవు కుంటుతూనే బతికింది. నాయన అమ్మ మీద మళ్లీ చెయ్యెత్తలేదు.

బ్రష్ మీద నెత్తురు కనిపిస్తే నేను తోమడం మానను, డాక్టరు దగ్గరికి పోతాను. ఇంట్లో కోపం రేగినప్పుడు కూడా, గొంతు పెంచే ముందు, అసలు కుళ్లు ఎక్కడుందో వెతకడం అప్పటి నుంచే నాకు అలవాటైంది.