చేతిలో మువ్వలు

తిరుమలగిరిలో గుర్రపు స్వారీ నేర్చుకుంటున్న మా అమ్మాయి మొదటిసారి ‘డ్రెస్సాజ్’ పోటీకి పేరిచ్చింది. డ్రెస్సంటే బట్టలే కదా అనుకుని, నా పట్టుచీర కత్తిరించి గుర్రానికి మువ్వల గుడ్డ కుట్టాను. పోటీ ముందురోజు తీసుకెళ్తే పడీపడీ నవ్వింది.

“డ్రెస్ కాదమ్మా. గుర్రాన్ని చెప్పినట్టు నడిపించాలె. నోటితోని ఒక్క మాటన్నా మార్కులు పోతయి. నాకు దినాం అక్కడే పోతున్నయి.”

“పోవా మరి? నిద్రల సుత వాగుతవ్ గదనే,” అన్నాను.

ఆఖరి సాధనకు గుర్రమెక్కింది. పెదవి కదపలేదు. కళ్లెం లాగినట్టయినా కనబడలేదు. అంత పెద్ద గుర్రం, పిల్ల మనసులో అనుకున్నట్టల్లా తిరిగింది, ఆగింది. చేతిలో మువ్వలు ఎక్కడ మోగుతాయోనని గుప్పిట బిగించి నిలబడ్డాను.

మాట్లాడకుండా మాట చెప్పడం నా వాగుడుకాయ దగ్గరే చూశాను.