కాజాల మాస్టారు

మా బాబాయి దర్జీ. ఊళ్ళో అందరూ ఆయన్ని కాజాల మాస్టారు అంటారు. చొక్కా పేలికలైపోయినా గుండీ పట్టే ఆ కాజా మాత్రం చెక్కుచెదరదని పేరు. అన్నీ చేత్తో కుట్టినవే. కాకపోతే ఆ చెయ్యి మా పిన్నిది.

ఇంట్లో ఇదేమీ రహస్యం కాదు. బాబాయి ముందుగదిలో కొలతలు తీసి, కత్తిరించి, మిషను మీద కుట్టేవాడు. పిన్ని వెనకగదిలో కిటికీ పక్కన కూర్చుని, దారాన్ని మైనం ముక్క మీద రెండుసార్లు లాగి కాజాలు కుట్టేది. ముప్పై ఒక్క ఏళ్ళు అదే కిటికీ, అదే ముక్కాలిపీట. ఎవరైనా మెచ్చుకుంటే బాబాయి "ఏదో మీ అభిమానం" అని నవ్వి ఊరుకునేవాడు.

తప్పు ఆయనొక్కడిదే అయితే నాకు రాయాల్సిన అవసరం ఉండేది కాదు. నేను ప్రకటనల ఆఫీసులో పని చేస్తాను. డాక్టర్లకీ లాయర్లకీ జనంలో పేరు ఎలా నిలబెట్టుకోవాలో చెప్పి జీతం తెచ్చుకుంటాను. ఒకే ముఖం, ఒకే మాట. అంతకు మించితే జనం బుర్రకెక్కదు అన్నది నా పాఠం. రెడీమేడ్ షాపులొచ్చి బాబాయి ఈగలు తోలుకుంటుంటే, ఆ పాఠం తెచ్చి ఆయనకి అంటగట్టాను. కొత్త బోర్డు రాయించాను. ఫోనులో ఆయన పేరున పేజీ తెరిచి, "ప్రతి కాజా మాస్టారి చేతి కుట్టే" అని పైన పెట్టాను. ఆయన కాస్త నసిగాడు. నేను వినలేదు.

ఫొటోలు తీసిన రోజు పిన్ని తల దువ్వుకుని వచ్చింది. బాబాయికి చొక్కా అందిస్తూ, "నన్ను కూడా ఒక్కటి తియ్యవే" అంది.

"ఇద్దరుంటే జనం తికమకపడతారు పిన్నీ. నీది తర్వాత తీస్తా."

సరేలే, నా ముఖం ఎవరిక్కావాలి అని నవ్వుతూ లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నేను తియ్యనేలేదు. తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

షాపు పుంజుకుంది. మనిషికి ఊపిరి సలపనన్ని చొక్కాలు. ఆ భారమంతా వెనకగదిలోకే వెళ్ళింది. పిన్ని కళ్ళు నొప్పులంటూనే కుట్టింది. ఒక మధ్యాహ్నం ఒళ్ళో చొక్కా పెట్టుకుని ఆ పీట మీదే పోయింది. గుండె ఆగిపోయిందన్నారు.

మిగిలిన చొక్కాలకి కాజాలు తనే కుడదామని బాబాయి మూడు రోజులు కూర్చున్నాడు. లావుగా, వంకరగా వచ్చాయి. అన్నీ విప్పేసి నాకు కబురు పెట్టాడు. మీ పిన్ని పేరు మీ పిన్నికి ఇచ్చేయాలి, ఆవిడ పని చేస్తున్న ఫొటో ఒకటివ్వు, షాపులో పెడతానన్నాడు.

తీసినవి మూడువందల పైచిలుకు. అన్నీ వెతికాను. ఒక్కదాంట్లో, ఓ అంచున, చొక్కా అందిస్తున్న నాలుగు వేళ్ళు కనిపించాయి. మిగతా మనిషిని నేనే కత్తిరించేశాను. అసలు ఫొటో కూడా ఉంచుకోలేదు.

బాబాయి నన్ను తిట్టినా బాగుండేది. ఆ నాలుగు వేళ్ళనే పెద్దవి చేయించి గోడకి తగిలించాడు. వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాడు: కాజాలు కుట్టింది ఆవిడ, నాకు రావు. ఎవరూ నమ్మలేదు. ఎంత వినయం మాస్టారూ అన్నారు. ఒకాయన కళ్ళు తుడుచుకుని మరీ రెండు చొక్కాలు పురమాయించాడు. నేను పేజీలో ఉన్నదున్నట్టు రాశాను. పెళ్ళాన్ని ఇంతలా ప్రేమించే మొగుడు ఎంతమందికి దొరుకుతాడని వందలమంది మురిసిపోయారు. ఆయన పేరు ఇంకాస్త పెరిగింది.

అవన్నీ చదివి వినిపిస్తే బాబాయి చేతిలో టేపు చుట్టి పక్కన పెట్టాడు.

"పేరు తెప్పించావు కదమ్మా. వదిలించుకునే ఉపాయం కూడా నువ్వే చెప్పు."

మా ఆఫీసులో ఎవరూ ఇంతవరకూ అది అడగలేదు.

ఇప్పుడాయన చొక్కాలు మానేశాడు. దిండు గలీబులు, కర్టెన్లు, గుండీ అవసరం లేనివే కుడుతున్నాడు. మొన్న నేనక్కడ ఉండగా ఒక కుర్రజంట బట్ట పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, కాజాల మాస్టారు ఉన్నారా అని అడిగారు.

బాబాయి మిషను ఆపి, గోడ మీది వేళ్ళకేసి చూపించాడు.

"లేరండీ. పోయి ఎనిమిది నెలలైంది."

వాళ్ళు నొచ్చుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఆయన మళ్ళీ కర్టెను అంచు కుట్టుకోసాగాడు.