దీపాలు తీసిన అంచు

అబ్దుల్ గఫూర్ పత్రిక పెట్టదలచిన నాటికి చిలమత్తూరులో మగవాళ్లున్నారు, గఫూర్ ప్రెస్సుంది. మగవాళ్ల పత్రిక ఒక్కటే లేదు. పెళ్లికార్డులు, శ్రద్ధాంజలి కరపత్రాలు అచ్చేసుకునే గఫూర్ 2001లో ఆ లోటు తీర్చాడు. పత్రిక పేరు ‘మీసం’. సంపాదకుడికి మాత్రం గడ్డమే గాని మీసం లేదు. సంపాదకుడన్నవాడు నిష్పక్షపాతంగా ఉండాలి కదా.

లోపల పంచెకట్టు మీద, తలనూనె మీద, బుల్లెట్ బండి మీద వ్యాసాలు. ముఖచిత్రంగా ఊళ్లోకెల్లా మంచి మీసం గల ఓబులేసు. బొమ్మ చుట్టూ అలంకారం ఉండాలి. ప్రెస్సులో ఉన్న ఒకే ఒక్క మంచి అంచు శ్రద్ధాంజలికి వాడే పూల అంచు. గఫూర్ దానికి అటూ ఇటూ ఉండే రెండు దీపాలను ఊడదీసి నశ్యం డబ్బాలో వేసి, ఇక ఎవరికీ ఏ శంకా రాదని తీర్మానించాడు.

గోరంట్ల బస్టాండు టీకొట్టులో పత్రిక వేలాడింది. మర్నాడే ఓబులేసు ప్రెస్సు మీదికొచ్చాడు.

“ఏమప్పా గఫూర్, నన్ను సంపేసినావు గదప్పా! మా అత్త గోరంట్ల నుంచి గుండెలు బాదుకుంటా వచ్చింది. నేను గడపలో కూసోని ముద్ద తింటాండా. నన్ను చూసి ఇంకా గట్టిగా ఏడ్చింది!”

“కింద ‘ఈ నెల మీసగాడు’ అని ఏసినా కదన్నా.”

“ఆ పూలు చూసినాక కింద ఎవరు సదువుతారప్పా?”

ఆ తర్వాత ఫొటో ఇచ్చే మగవాడు మండలంలో దొరకలేదు. ముఖచిత్రం లేనిదే రెండో సంచిక లేదు. గఫూర్‌కు అన్నం సయించడం మానేసింది.

“నీ బొమ్మే ఏసుకోరాదా?” అంది భార్య ముంతాజ్.

“‘మీసం’ అట్ట మీద మీసం లేనోడా?”

చివరికి గొర్రెల కాపరి శివప్ప, తెల్లమీసాలకు నూనె రాసుకుని, ముసలితనమంతా వెంటబెట్టుకుని వచ్చాడు.

“నా బొమ్మ ఏయప్పా. ఆ పూలు మాత్రం తీయొద్దు.”

“కొంప ముంచిందే అవి కదా, తాతా!”

“నేను పోయినాక మావోళ్లు ఎట్లాగూ ఏస్తారు. అప్పుడు నేను చూస్తానా?”

రెండో సంచిక పట్టుకుని శివప్ప సంతంతా తిరిగాడు. “ఎట్లుండా?” అని గొర్రెల బేరగాళ్లను కూడా వదల్లేదు. అప్పటినుంచి ప్రెస్సు ముందు ముసలివాళ్ల బారు. కుర్రకారు కోసం పుట్టిన పత్రిక ఆ ముసలి ముఖాలతోనే ఏడేళ్లు బతికింది. సంచిక వచ్చినప్పుడల్లా అంచు నుంచి దీపాలు దిగేవి. ఎవరైనా పోతే మళ్లీ ఎక్కేవి.

పత్రిక ఆగిన మరుసటేడు శివప్ప కొడుకు మల్లికార్జున వచ్చాడు.

“నాయన పోయినాడన్నా. శ్రద్ధాంజలికి నీ పత్రికలో బొమ్మే ఏయమని చెప్పి పోయినాడు.”

గఫూర్ శివప్ప బొమ్మ ఉన్న పాత అచ్చు బ్లాకు వెతికి బిగించాడు. దీపాలు రెండూ తుడిచి అటూ ఇటూ పెట్టాడు. బ్లాకు కిందే ఉండిపోయిన ‘ఈ నెల మీసగాడు’ అక్షరాలు పీకబోతుంటే మల్లికార్జున చెయ్యి అడ్డం పెట్టాడు.

“అది ఉండనీ అన్నా. అది సూసుకునే మురిసిపోయినాడు.”